పంటిలో మిగిలిన రోగం: ప్రాచీన డీఎన్ఏ సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుంది?

రష్యా మీదికి దండెత్తిన నెపోలియన్ సైన్యం 1812 చలికాలంలో తిరుగుముఖం పట్టి, లిథువేనియాలోని విల్నియస్ నగరం చేరేసరికి ఆకలికీ చలికీ జ్వరాలకూ చిక్కి శల్యమైపోయింది. అక్కడ ప్రాణాలు విడిచిన వేలమందిని పెద్ద గోతులు తీసి మూకుమ్మడిగా పూడ్చిపెట్టారు. 2001లో అలాంటి గొయ్యి ఒకటి బయటపడింది. అందులోని 35 మంది సైనికుల పళ్లను పరీక్షించిన ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర పరిశోధకులు, ఒంటి పేల ద్వారా వ్యాపించే టైఫస్, ట్రెంచ్ ఫీవర్ అనే రెండు జ్వరాల జాడలు కొందరిలో దొరికాయని 2006లో ప్రకటించారు. మళ్లీ 2025లో ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ బృందం అదే చోటి నుంచి 13 మంది పళ్లు తీసుకుని చూసింది. నలుగురిలో పారాటైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా, ఇద్దరిలో తిరగబెట్టే జ్వరాన్ని కలిగించే బొరేలియా కనిపించాయి. టైఫస్ జాడ మాత్రం కనిపించలేదు.

ఒకే గొయ్యి గురించి రెండు జవాబులు వచ్చినప్పుడు, మొదటివారు పొరబడ్డారా అన్న సందేహం చదివినవారికి కలగడం సహజం. అయితే ప్రాచీన డీఎన్ఏ నేరుగా జవాబివ్వగలిగిన ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి చనిపోయేనాటికి ఈ క్రిమి అతని ఒంట్లో ఉందా? సైన్యం దేనివల్ల నశించింది, ఊరు దేనివల్ల పాడుబడింది అన్నవి వేరే ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు అంటగట్టడం వల్లనే ఈ రంగంలో వచ్చే వార్తలు చాలాసార్లు గందరగోళంగా కనిపిస్తాయి.

పాత పేరు వేరు, రోగం వేరు

మన భాషలోనే చూద్దాం. "అమ్మవారు పోసింది" అన్నప్పుడు ఒక తరంవారి మనసులో మశూచి మెదిలేది. మశూచి లోకం నుంచే పోయాక అదే మాట ఆటలమ్మకు మిగిలింది. తెలంగాణలో గత్తర అంటే కలరా. కానీ ఊరికి వచ్చిపడిన ఏ పెద్ద ఆపదకైనా ఆ మాట వాడేవారున్నారు. మారి, మహమ్మారి అన్నవైతే ఏ ఒక్క రోగానికీ పేర్లు కావు. నూరేళ్ల కిందటి కాగితంలో "ఊరంతా మారి తగిలింది" అని రాసి ఉంటే, అది ప్లేగో, కలరానో, విషజ్వరమో ఆ మాటను బట్టి చెప్పలేం. లాటిన్‌లో పెస్టిస్, పశ్చిమాసియా క్రైస్తవుల పాత భాష సిరియాక్‌లో మౌతానా, మెక్సికో ఆదివాసుల నావాట్ల్ భాషలో కొకొలిజ్ట్లి, ఇవన్నీ ఇలాంటి మాటలే. రాసినవారు తమ కంటికి కనిపించిన లక్షణాలను, తమ గుండెల్లోని భయాన్ని రాశారు తప్ప క్రిమి పేరు రాయలేదు. ప్లేగు క్రిమిని అలెగ్జాండర్ యెర్సిన్ హాంకాంగ్‌లో గుర్తించిందే 1894లో.

ఎముకలు చెప్పేది కూడా తక్కువే. కుష్ఠు, క్షయ, సిఫిలిస్ వంటి దీర్ఘరోగాలు ఎముకను తినేస్తాయి కాబట్టి అస్థిపంజరం మీద గుర్తులు మిగులుతాయి. రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దొరికిన సుమారు 4,000 ఏళ్ల నాటి అస్థిపంజరంలో కుష్ఠు గుర్తులు ఉన్నాయని 2009లో ప్రకటించింది అలా చూసే. ప్లేగు, కలరా లాంటివి కొద్ది రోజుల్లోనే మనిషిని బలి తీసుకుంటాయి. ఎముకకు ఆ సంగతి తెలిసే వ్యవధి ఉండదు.

పన్ను ఎందుకు? నమ్మేది ఎలా?

మనిషి చనిపోయిన వెంటనే డీఎన్ఏ తెగిపోవడం మొదలవుతుంది. డీఎన్ఏ అంటే నాలుగు రకాల రసాయన భాగాలు వరుసగా కూర్చిన పోగు; ఆ భాగాలనే అక్షరాలంటారు. కోట్ల అక్షరాల పొడవుండే ఆ పోగు, కొన్ని వందల ఏళ్లకు 30 నుంచి 70 అక్షరాల తునకలుగా మిగులుతుంది. పంటి లోపలి గుజ్జులోకి రక్తనాళాలు వెళ్తాయి. రోగక్రిమి రక్తంలో విపరీతంగా పెరిగిన దశలో మనిషి చనిపోతే, ఆ క్రిమి కూడా పంటి లోపల ఎండిపోయి ఉండిపోతుంది. పైనున్న పింగాణీ లాంటి గట్టి పొర దాన్ని కొంతవరకు కాపాడుతుంది. అందుకే పరిశోధకులు పన్నును కోసి లోపలి గోడలను గీకి, మిల్లీగ్రాముల లెక్కన పొడి తీస్తారు.

ఆ పొడిలో రోగక్రిమి ఒక్కటే ఉండదు. చనిపోయిన మనిషి డీఎన్ఏ, నేలలోంచి వచ్చి చేరిన బ్యాక్టీరియా, తవ్వినవారి చేతుల నుంచి అంటుకున్నది అన్నీ కలిసే ఉంటాయి. అందులోంచి పాతదాన్ని వేరు చేయడానికి ఒక సహజమైన గుర్తు ఉంది. కాలక్రమంలో డీఎన్ఏ తునకల కొసల్లో ఉన్న సైటోసిన్ అనే అక్షరం రసాయనికంగా యురాసిల్‌గా మారుతుంది. యంత్రం దాన్ని థైమిన్‌గా చదువుతుంది. అంటే అసలు వరుస "సీ-ఏ-జీ-టీ-జీ" అయితే, పాత తునకలో అది "టీ-ఏ-జీ-టీ-జీ" అని కనిపించే అవకాశం ఎక్కువ. వేలాది తునకలను పక్కపక్కన పేర్చినప్పుడు ఈ మార్పు కొసల్లో దట్టంగా, మధ్యలో పలచగా కనిపిస్తే ఆ డీఎన్ఏ నిజంగా పాతదని నమ్మవచ్చు. నిన్నటి ప్రయోగశాల నుంచి అంటుకున్న డీఎన్ఏలో ఈ తీరు ఉండదు. పాత కాగితం అంచులే ముందుగా పసుపెక్కినట్టు, కాలం ఇక్కడ తన ముద్రను తనే వేసి పెడుతుంది. ఈ రంగానికి పునాది వేసినవారిలో ఒకరైన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమతి లభించింది.

దీనికి తోడు మరికొన్ని జాగ్రత్తలున్నాయి. పొడి వేయకుండా రసాయనాలను మాత్రమే నడిపిన ఖాళీ నమూనాలో ఏమీ కనిపించకూడదు. దొరికిన తునకలు క్రిమి జీనోమ్ (దాని మొత్తం డీఎన్ఏ వరుస) అంతటా పరుచుకుని ఉండాలి. ఒకే జన్యువు దగ్గర కుప్పపడి ఉంటే అది మట్టిలోని వేరే బ్యాక్టీరియాది కావచ్చు. ప్లేగు క్రిమి యెర్సీనియా పెస్టిస్‌కు అతి దగ్గరి చుట్టమైన యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్ మట్టిలోనూ నీటిలోనూ బతుకుతుంది కనుక, ప్లేగు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎన్ని తునకలు చదవాలి: ఒక లెక్క

ప్లేగు క్రిమి జీనోమ్ దాదాపు 46.5 లక్షల అక్షరాలు. ఒక్కో తునక 50 అక్షరాలు అనుకుంటే, ప్రతి అక్షరాన్నీ సగటున ఒక్కసారి చదవడానికి 93,000 ప్లేగు తునకలు కావాలి. పంటి పొడిలోని మొత్తం డీఎన్ఏలో ప్లేగు వాటా వెయ్యింట ఒక వంతు అనుకుందాం. అప్పుడు ఆ 93,000 తునకల కోసం 9.3 కోట్ల తునకలు చదవాలి. ఒక్కసారి చదివింది నమ్మలేం, 30 సార్లు చదవాలంటే దాదాపు 280 కోట్లు అవుతాయి. ఈ భారం తగ్గించడానికే గాలం పద్ధతి వచ్చింది. ప్లేగు క్రిమి వరుసకు సరిగ్గా అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలను తయారుచేసి పొడి ద్రావణంలో వేస్తే, ప్లేగు తునకలు వాటికి పట్టుకుంటాయి, మిగతాదంతా కడిగేస్తారు. అయితే ఏ చేపకు గాలం వేస్తే ఆ చేపే పడుతుంది. ఏ రోగమని అనుమానించామో దానికే గాలం తయారుచేస్తాం కాబట్టి, మన ఊహలో లేని రోగం పక్కనుంచి జారిపోతుంది.

బ్లాక్ డెత్ మీద పదేళ్లకు పైగా సాగిన వాదం

1347 నుంచి 1353 వరకు యూరప్‌ను ఊడ్చేసిన బ్లాక్ డెత్ ప్లేగేనని ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది నమ్మారు. నమ్మనివారి వాదనలోనూ పస ఉంది. 1896లో బొంబాయికి వచ్చి, తర్వాతి దశాబ్దాల్లో భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన ప్లేగును వైద్యులు దగ్గరగా చూశారు. అది ఎలుకల వెంట, ఎలుకల ఒంటి మీద బతికే నెత్తురు తాగే చిన్న పురుగుల వెంట, నిదానంగా కదిలింది. మధ్యయుగపు మహమ్మారి అంతకంటే ఎంతో వేగంగా పాకిందనీ, ఎలుకలు కుప్పలుగా చచ్చిన ప్రస్తావనలు ఆనాటి రాతల్లో అరుదనీ కొందరు చరిత్రకారులు ఎత్తిచూపారు. అది ఆంత్రాక్స్ కావచ్చునన్నవారున్నారు, ఎబోలా వంటి రక్తస్రావ జ్వరం కావచ్చునన్నవారున్నారు.

మార్సెయ్ బృందం 1998లో ఫ్రాన్స్‌లోని 16, 18 శతాబ్దాల ప్లేగు సమాధుల పళ్ల నుంచి, 2000లో మోంపెలియేలోని 14వ శతాబ్దపు పళ్ల నుంచి ప్లేగు డీఎన్ఏ దొరికిందని ప్రకటించింది. 2004లో మరో బృందం యూరప్‌లోని ఐదు చోట్ల నుంచి 61 మందికి చెందిన 108 పళ్లు పరీక్షించి, ఒక్క దానిలోనూ ప్లేగు లేదని తేల్చింది. అప్పట్లో అందరూ వాడినది పీసీఆర్ అనే పద్ధతి. ఎంచుకున్న ఒక చిన్న భాగాన్ని కోట్ల రెట్లు పెంచి చూపడం దాని పని. అది ఎంత సున్నితమైనదంటే, అదే గదిలో అంతకుముందు వాడిన ప్లేగు డీఎన్ఏ ఒక్క పోగు కలిసినా ఫలితం తారుమారవుతుంది. కాబట్టి ఒకరి "దొరికింది" కల్తీ కావచ్చు, మరొకరి "దొరకలేదు" పళ్లలోని డీఎన్ఏ నశించిపోవడం వల్ల కావచ్చు. ఆ దశలో ఎవరినీ తప్పుపట్టడానికి వీలులేకపోయింది.

వాదం తేలింది 2011లో. లండన్‌లోని ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ శ్మశానాన్ని 1348-50 కాలంలో ఈ మహమ్మారి మృతుల కోసమే ప్రత్యేకంగా కేటాయించారని పత్రాల్లో ఉంది. అంటే ఎవరు ఎప్పుడు ఎందుకు అక్కడ ఉన్నారన్న విషయంలో అనుమానం లేదు. అక్కడి 109 మంది అవశేషాలను పరీక్షించారు. పోల్చి చూడటానికి, ఆ మహమ్మారి రాకముందే పూడ్చిన మరో లండన్ శ్మశానం ఎముకలనూ పక్కన పెట్టారు. ప్లేగు గుర్తులు మొదటిచోట దొరికాయి, రెండోచోట లేవు. నాకు ఈ అధ్యయనంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ పోలిక. గాలం పద్ధతితో జీనోమ్ దాదాపు మొత్తాన్నీ సగటున 30 సార్లు చదివారు. కొసల్లో కాలం వేసిన ముద్ర ఉంది. నేడు మనుషులకు సోకే ప్లేగు రకాల్లో అత్యధికం ఆ మధ్యయుగపు క్రిమి సంతతేనని వంశవృక్షం చూపింది.

క్రిమి ఏదన్న వాదం అంతటితో దాదాపుగా ముగిసింది. కానీ అనుమానించినవారు లేవనెత్తిన ప్రశ్న అలాగే ఉంది: ఇంత వేగంగా ఎలా పాకింది? ఆనాటి క్రిమి జీనోమ్‌లో, నేటి ప్లేగులో ఎక్కడా లేని ప్రత్యేకమైన మార్పేదీ కనిపించలేదు. ఆ తీవ్రతకు కారణం క్రిమిలో కాక, ఆకలిలో, వాతావరణంలో, జనం కిక్కిరిసి బతకడంలో ఉండవచ్చు. ఎలుకల కంటే మనుషుల ఒంటి మీది పురుగులూ పేలూ ఎక్కువగా మోసి ఉండవచ్చునని 2018లో వచ్చిన ఒక గణిత నమూనా సూచించింది. దీన్ని అంగీకరించనివారూ ఉన్నారు. యూరప్ జనాభాలో 30 నుంచి 60 శాతం పోయిందన్న అంచనాలకు కూడా డీఎన్ఏ సాక్ష్యం ఇవ్వదు. చెరువు అడుగుల్లో పేరుకున్న పుప్పొడిని పరిశీలించి, పంటపొలాలు కొన్ని ప్రాంతాల్లో బీడుపడ్డాయనీ కొన్నిచోట్ల చెక్కుచెదరలేదనీ 2022లో తేల్చిన అధ్యయనమే ఈ విషయంలో ఎక్కువ చెప్పగలదు.

దొరకకపోతే లేనట్టేనా?

ప్లేగుతో చనిపోయిన ప్రతి పదిమందిలో ఇద్దరి పళ్లలోనే క్రిమి డీఎన్ఏ గుర్తించగలిగే స్థితిలో మిగిలిందని అనుకుందాం. ఐదు పళ్లు పరీక్షిస్తే, ఒక్కదానిలోనూ దొరకని అవకాశం 0.8ని ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చే 0.33, అంటే మూడింట ఒక వంతు. ఇరవై పళ్లు పరీక్షించినా ఏదీ దొరకని అవకాశం వందకు ఒకటికి కాస్త ఎక్కువ. అందువల్ల నాలుగైదు పళ్లు చూసి "ఇక్కడ ప్లేగు లేదు" అనడం నిలవదు. డీఎన్ఏ బాగా నిలిచిన చోట, పెద్ద సంఖ్యలో చూసి అంటే దానికి బరువుంటుంది.

డీఎన్ఏకు బదులు దాని చుట్టమైన ఆర్ఎన్ఏలో తమ జన్యువులను దాచుకునే వైరస్‌ల విషయంలో ఈ కష్టం ఇంకా ఎక్కువ. ఇన్‌ఫ్లుయెంజా, తట్టు, డెంగీ వైరస్‌లు ఈ కోవలోవే. ఆర్ఎన్ఏ ఎంతో త్వరగా చెడిపోతుంది. 1918 ఫ్లూ వైరస్ జీనోమ్ పూర్తిగా తెలియడానికి కారణం, అలాస్కాలో గడ్డకట్టిన నేలలో పూడ్చిన ఒక దేహమూ, సైనిక ఆసుపత్రులు భద్రపరిచిన కణజాలపు తునకలూ. 1912లో బెర్లిన్‌లో చనిపోయిన బిడ్డ ఊపిరితిత్తిని రసాయనంలో దాచి ఉంచినందువల్లే ఆనాటి తట్టు వైరస్‌ను 2020లో చదవగలిగారు. మామూలు మట్టిలోని పంటిని అడిగితే ఇలాంటి జవాబులు చాలావరకు రావు.

దొరికినా మిగిలే ప్రశ్నలు

1545లో మెక్సికోలో కొకొలిజ్ట్లి అనే జ్వరం మొదలై, స్పెయిన్ ఆక్రమణతో అప్పటికే నలిగిపోయిన ఆదివాసులను లక్షల సంఖ్యలో బలితీసుకుంది. ముక్కు, నోటి నుంచి రక్తం కారడం ఆనాటి వర్ణనల్లో ఉంది. వహాకా ప్రాంతంలోని తెపోస్కొలులా-యుకుందా అనే పాడుబడిన పట్టణంలో, ఆ మహమ్మారితో ముడిపడిన శ్మశానం ఒకటుంది. ఏ గాలమూ వేయకుండా, పంటి పొడిలోని మొత్తం డీఎన్ఏను చదివి, తెలిసిన బ్యాక్టీరియాలన్నిటితో పోల్చే పద్ధతిని అక్కడ వాడారు. పరీక్షించిన 29 మందిలో 10 మందిలో పారాటైఫాయిడ్-సీ రకం సాల్మొనెల్లా దొరికిందని 2018లో వెల్లడైంది.

ఇది గొప్ప విషయమే. కానీ పారాటైఫాయిడ్ లక్షణాలు ఆ రక్తస్రావపు వర్ణనలకు పూర్తిగా సరిపోవని కొందరు అంటారు. ఆర్ఎన్ఏ వైరస్ ఏదైనా తోడుగా ఉండి ఉంటే ఈ పద్ధతికి అది కనబడదు. ఆ సంగతి పరిశోధకులే తమ వ్యాసంలో ఒప్పుకున్నారు. వేరొకవైపు, పదిమంది రక్తంలో ప్రాణాంతకమైన బ్యాక్టీరియా ఉన్నదన్నది తోసిపుచ్చగలిగేది కాదు. రెండు మాటలనూ కలిపి చూస్తే, ఆ పట్టణంలో ఆ మరణాలకు సాల్మొనెల్లా బలమైన కారణం. దేశమంతటా వచ్చిన కొకొలిజ్ట్లికి అదొక్కటే కారణమని చెప్పడానికి ఇది చాలదు.

మరో చిక్కు పేరుకు సంబంధించినదే. యురేషియా అంతటి నుంచి సేకరించిన కంచుయుగపు అవశేషాలు 101 పరీక్షిస్తే ఏడుగురిలో ప్లేగు క్రిమి ఉందని 2015లో తేలింది. వాటిలో పాతవి దాదాపు 5,000 ఏళ్ల నాటివి. ఆ పాత క్రిమిలో, ఎలుకల ఒంటి పురుగు పేగులో బతకడానికి తోడ్పడే ఒక జన్యువు లేదు. రష్యాలోని సమారా ప్రాంతపు 3,800 ఏళ్ల కిందటి అవశేషాల్లో ఆ జన్యువు కనిపించింది. కాబట్టి పాతది "ప్లేగు" అన్నా, గజ్జల్లో గడ్డలు లేచే ప్లేగు అదేనని అనుకోలేం. మశూచి విషయంలోనూ ఇంతే. ఉత్తర యూరప్‌లో వైకింగుల కాలపు అవశేషాల్లో దొరికిన మశూచి వైరస్, 20వ శతాబ్దంలో మనం చూసిన వైరస్‌కు పూర్వీకం కాదు. అది అంతరించిపోయిన వేరే శాఖ. అది సోకినవారి ముఖం మీద మచ్చలు పడేవో లేదో, ఎంతమందిని చంపేదో జీనోమ్ చెప్పదు.

రాయీ పన్నూ ఒకే మాట చెప్పిన చోటు

కిర్గిజ్‌స్తాన్‌లోని ఇస్సిక్-కుల్ సరస్సు దగ్గర కారా-జిగాచ్ అనే పాత క్రైస్తవ శ్మశానం ఉంది. అక్కడా, దాని సమీపంలోని మరో శ్మశానంలోనూ తేదీ చెక్కిన 467 సమాధి రాళ్లు ఉంటే, వాటిలో 118 కేవలం 1338, 1339 సంవత్సరాలవి. కొన్నిటి మీద, చనిపోయింది "మౌతానా" వల్ల అని సిరియాక్ లిపిలో చెక్కి ఉంది. 1880, 90 దశకాల్లో తవ్విన ఆ ఎముకలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండిపోయాయి. ఏడుగురి పళ్లు చూస్తే ముగ్గురిలో ప్లేగు క్రిమి దొరికిందని 2022లో ప్రకటించారు. బ్లాక్ డెత్ క్రిమికి అది నేరుగా పూర్వీకం. వంశవృక్షంలో నాలుగు కొమ్మలు ఒక్కసారిగా చీలిన చోటుకు సరిగ్గా కిందనే అది కూర్చుంటుంది.

బ్లాక్ డెత్ ఇక్కడే పుట్టిందని పరిశోధకులు వాదించారు. ఆ చీలిక అంతకు నూరేళ్ల ముందు, మంగోలుల దండయాత్రల కాలంలోనే జరిగి ఉంటుందని నమ్మే చరిత్రకారులు దీనితో ఏకీభవించరు. నాకు అర్థమైనంతలో, ఆ చోటు పుట్టిల్లో కాదో గానీ, ఆ రాయి మీది మౌతానా అన్న మాటకు అర్థం ప్లేగు అన్నది మాత్రం స్థిరపడింది. పాత మాటకు ఇంత కచ్చితంగా అర్థం దొరకడం చాలా అరుదు.

మళ్లీ విల్నియస్ గోతికి వస్తే

2006లో పీసీఆర్‌తో కొన్ని చిన్న భాగాలను మాత్రమే వెతికారు. 2025లో మొత్తం డీఎన్ఏను చదివి, పాతదనపు ముద్రతో సహా సరిచూశారు. కొత్త పద్ధతికి బలం ఎక్కువ. అయినా అది చూసింది 13 మందిని; ఆ గోతిలో ఉన్నది 3,000 మందికి పైగా. కొత్త బృందం టైఫస్ లేదని అనలేదు, తమ నమూనాల్లో కనిపించలేదని మాత్రమే అన్నది. చలికి, ఆకలికి సొమ్మసిల్లిన సైన్యంలో ఒకేసారి నాలుగైదు రోగాలు తిరుగుతుండటం విచిత్రం కాదు. ఏది ఎందరిని చంపిందో చెప్పాలంటే ఇంకా ఎన్నో పళ్లు చూడాలి.

మన నేల మీద ఈ పని ఎందుకు కష్టం

డీఎన్ఏకు ప్రధాన శత్రువులు వేడి, తేమ. హర్యానాలోని రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు ప్రయత్నిస్తే చదవగలిగినంత డీఎన్ఏ ఇచ్చింది ఒక్క స్త్రీ అవశేషమే అని 2019 నాటి అధ్యయనం చెప్పింది. పైగా దహనం చేసే ఆచారం వల్ల పళ్లు మిగలవు. హిమాలయాల్లో 5,000 మీటర్లకు పైన ఉన్న రూప్‌కుండ్ సరస్సు ఇందుకు మినహాయింపు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2019 అధ్యయనం అక్కడి 38 మంది అవశేషాలను చదివింది. వారు ఒకేసారి చనిపోలేదు. కొందరు సుమారు క్రీ.శ. 800 నాటివారు, కొందరు సుమారు 1800 నాటివారు. అంటురోగంతో పోయారేమోనని బ్యాక్టీరియాల కోసం కూడా వెతికారు, ఏదీ దొరకలేదు. క్రిమి గుర్తించగలిగే మోతాదులో లేకపోయి ఉండవచ్చన్న మినహాయింపును వారు స్పష్టంగా పెట్టారు.

ఇక గత్తర సంగతి. 1817లో గంగా ముఖద్వారపు ప్రాంతం నుంచి లోకం మీదికి బయలుదేరిన కలరా, పేగుల్లోనే ఉండి ఒంట్లోని నీటినంతా తోడేసి చంపుతుంది. సాధారణంగా రక్తంలోకి చేరదు. రక్తంలోకి చేరనిది పంటిలోకి రాదు. మట్టిలో నిలిచిన పళ్లు ఎన్ని కోసినా దాని జాడ ఆశించలేం. 19వ శతాబ్దపు కలరా జీనోమ్‌ను 2014లో చదవగలిగింది ఒక పేగు ముక్క నుంచి. 1849లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కలరాతో చనిపోయిన వ్యక్తి పేగును ఒక వైద్యుడు ద్రావణంలో వేసి దాచగా, అది అక్కడి మ్యూటర్ మ్యూజియంలో ఉండిపోయింది. అందులో ఉన్నది 1961 నుంచి లోకమంతా తిరుగుతున్న ఎల్ టార్ రకం కాదు. దానికి ముందరి క్లాసికల్ రకం.